జేబులో నాలుగు డిగ్రీలు

మా అమ్మమ్మ బల్బు మార్చే ముందు పాత బల్బును ఒకసారి వేసి చూస్తుంది. అది మాడిపోయిందని ఇంటిల్లిపాదికీ తెలుసు, పక్కింటివాళ్లకీ తెలుసు. అయినా స్విచ్చు వేసి, వెలగట్లేదని తన కళ్లతో చూసుకుని, "సరే, ఇప్పుడెక్కు" అంటుంది. అప్పుడే నేను స్టూలెక్కాలి. సైకిలు ట్యూబుకు అతుకు వేసేటప్పుడూ అంతే. నీళ్లలో ముంచి, బుడగలు లేచేదాకా అతుకు చేతికివ్వదు.

"గాలి పోతోందని చూడకుండా అతుకేస్తే, ఆగింది అతుకు వల్లేనని నీకెలా తెలుస్తుందే?" అని అడుగుతుంది.

చిన్నప్పుడు ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని. అది ఆవిడ ఉద్యోగమని తర్వాత తెలిసింది.

మా అమ్మమ్మ ప్రోగ్రాములు రాసేది. రాసే పద్ధతి కూడా విడ్డూరమే. కోడు రాయకముందే, ఆ కోడు సరిగ్గా పనిచేస్తోందా అని అడిగే ప్రశ్న రాస్తుంది. దాన్ని టెస్టు అంటారు. కోడింకా పుట్టనే లేదు కాబట్టి టెస్టు తప్పుతుంది, తెర మీద ఎర్రగీత పడుతుంది. ఆ ఎరుపు చూసి తృప్తిగా తలాడించి, అది పోవడానికి ఎంత కావాలో అంతే కోడు రాస్తుంది. గీత ఆకుపచ్చగా మారాక, చుట్టాలు వెళ్లిపోయిన ఇల్లు సర్దుకున్నట్టు ఆ కోడును సర్దుతుంది. మళ్లీ ఇంకో ప్రశ్న, మళ్లీ ఎరుపు. ఇలా ఇరవై ఏళ్లు గడిపింది.

నేను పదో తరగతి లెక్కలు రెండుసార్లు తప్పి చదువు మానేసిన మనవరాలిని. నాకర్థమైనంతలో, మా అమ్మమ్మ రోజుకు నలభైసార్లు కావాలని తప్పి, నలభైసార్లు పాసయ్యేది. దానికి ఆవిడకు జీతమిచ్చేవారు. నేను రెండుసార్లు తప్పితే మాత్రం ఇంట్లో వారం రోజులు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆవిడ ప్రోగ్రాముల్లో అన్నీ ఆబ్జెక్టులే ఉండేవి. ఒకసారి అడిగాను.

"ఆబ్జెక్టంటే ఏంటి అమ్మమ్మా?"

"ఇంట్లో మనిషిలాంటిది. ఎవరి పని వాళ్లకుంటుంది. ఒకరి పెట్టె ఇంకొకరు తెరిచి చూడకూడదు. కావలసింది అడగాలి, వాళ్లు చెప్పింది తీసుకోవాలి."

"మరి నా పెట్టె నువ్వెందుకు తెరుస్తావు?"

"నువ్వు ఆబ్జెక్టువి కావు. ఉపద్రవానివి."

ఆఫీసులో ఆవిడను 'ఎర్రమేడం' అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. కొత్తగా చేరిన పిల్లలు పని పూర్తయిందని పరుగెత్తుకొస్తే, ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగేది: "ముందు ఎరుపు చూశావా?" చూడలేదంటే వెనక్కి పంపేది. ఎర్రగా ఉండగా చూడని టెస్టు, తర్వాత పచ్చగా కనబడినా నమ్మకూడదన్నది ఆవిడ పట్టుదల. ఆవిడకు ఇంకో నియమం కూడా ఉండేది. టెస్టును ఎర్రగా వదిలేసి ఇంటికి రాకూడదు. దీనివల్ల మా తాతయ్య చాలా సాయంత్రాలు ఒక్కడే భోంచేశాడు. ఆయన పోయేదాకా ఆ సంగతి ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

ఆవిడ చేసిన పనుల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఒక చిన్న పెట్టె. పిల్లలకు వేసే టీకాలు దాచే ఫ్రిజ్ పక్కన తగిలిస్తారు. అందులోంచి ఒక తీగ ఫ్రిజ్ లోపలికి వెళ్తుంది. దాని చివర థర్మామీటరు ఉంటుంది. లోపల వేడి ఎనిమిది డిగ్రీలు దాటితే గంట మోగాలి. రెండు డిగ్రీల కన్నా తగ్గినా మోగాలి. తీగ ఊడిపోయి ఐదు నిమిషాలు ఏ కబురూ రాకపోయినా మోగాలి. ఆ పెట్టె లోపలి ప్రోగ్రాములో థర్మామీటరొక ఆబ్జెక్టు, గంటొక ఆబ్జెక్టు. థర్మామీటరు మాట విని, గంట మోగించాలో వద్దో నిర్ణయించే కాపలాదారు ఇంకో ఆబ్జెక్టు. "ముగ్గురూ నా పిల్లల్లాంటివాళ్లే" అనేది. మా అమ్మకు అప్పుడప్పుడూ కోపమొచ్చేది, సొంతపిల్ల నాలుగో స్థానంలో ఉందని.

చదువు మానేశాక నేను ఫ్రిజ్‌లు బాగుచేసే పని నేర్చుకున్నాను. ఇప్పుడు నాకొక చిన్న షెడ్డుంది. ఆరోగ్య కేంద్రాల్లో ఫ్రిజ్‌లు చెడితే నన్నే పిలుస్తారు. అమ్మమ్మ మొదట ముఖం ముడుచుకుని, తర్వాత తనే సర్దుకుంది. "మంచి పనేలే. అక్కడా ముందు చెడిందని చూశాకే చెయ్యి పెడతారు" అంది.

కిందటేడు ఒక మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి.

ఒక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ తలుపు రబ్బరు అరిగిపోయిందంటే వెళ్లాను. అక్కడి మందుల గది చూసుకునే పెద్దాయన్ని నేను స్టోరు బాబాయ్ అంటాను. ఆయన మందులన్నీ ఐసు పెట్టెల్లోకి మార్చాడు. అడ్డం రాకుండా నేను థర్మామీటరు తీగను పెట్టెలోంచి పీకి, చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. కొత్త రబ్బరు బిగించాను, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూశాను, బాబాయ్ మందులు తిరిగి లోపల పెట్టుకున్నాడు. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చున్నాను.

"జేబులోంచి ఆ తోకేంటే?" అంది అమ్మమ్మ.

చూసుకుంటే తీగ. వెంటనే బాబాయ్‌కి ఫోను చేశాను.

"బాబాయ్, గంట మోగి మోగి మీ చెవులు పోయుంటాయి. ఇప్పుడే వస్తున్నా."

"గంటేంటమ్మా? ఏ గంటా లేదు. నాలుగు పాయింటు రెండు చూపిస్తోంది. హాయిగా ఉంది."

ఫోను పెట్టేసి జేబు తడుముకున్నాను. "నా జేబులో నాలుగు డిగ్రీలట అమ్మమ్మా. ఇంత చల్లని మనవరాలు ఎంతమందికి దొరుకుతుంది చెప్పు" అన్నాను.

అమ్మమ్మ నవ్వలేదు. "తీగ పీకి ఎంతసేపైంది?"

"మూడు గంటలు."

"మోగకుండా ఉండదు. దానికి టెస్టుంది."

తీగ తీసుకెళ్లి బిగించి తిరిగొచ్చేసరికి ఆవిడ తన పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. రిటైరైన రోజున, దీన్నెవరూ ముట్టుకోరని ఆఫీసువాళ్లు ఆవిడకే ఇచ్చేశారు. పాత కోడంతా అందులో అలాగే ఉంది. టెస్టులన్నీ నడిపింది. నాలుగు వందల పన్నెండు టెస్టులు, నేను చెప్పులు విడిచేలోపే అన్నీ పచ్చగా వచ్చాయి.

"చూశావా?" అంది. కానీ గొంతులో ధీమా లేదు.

తర్వాత ఆవిడ ఏం చేసిందంటే, కబురు రాకపోతే గంట మోగించమని చెప్పే కోడును మొత్తంగా తీసేసింది. ఇప్పుడు ఆ టెస్టు తప్పి తీరాలి కదా. మళ్లీ నడిపింది. నాలుగు వందల పన్నెండూ పచ్చే.

ఆవిడ చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది.

"ఏమైంది అమ్మమ్మా?"

నాకర్థమయ్యేలా, వేలితో తెర మీద ఒక్కో లైను చూపిస్తూ చెప్పింది. టెస్టులో నిజం తీగను ఊడబీకలేరు కాబట్టి, ఒక డమ్మీ థర్మామీటరు పెడతారు. మనం ఏం చెప్పమంటే అది చెప్తుంది. ఈ టెస్టులో ఆ డమ్మీ మొదట తొమ్మిది డిగ్రీలంటుంది, తర్వాత మౌనంగా ఉండిపోతుంది. ఆఖర్న, గంట మోగిందా అని అడుగుతుంది టెస్టు. మోగింది. ఎందుకు మోగదు? తొమ్మిది డిగ్రీలకే మోగేసింది. మౌనానికి మోగిందా లేదా అని ఎవరూ అడగనే లేదు.

"పైనున్న వేడి టెస్టును కాపీ కొట్టి, చివర మార్చాను. మొదట్లో ఉన్న తొమ్మిదిని నాలుగు చెయ్యడం మర్చిపోయాను" అంది.

అసలు కోడులో తప్పు ఇంకోచోట ఉంది. కబురు రానప్పుడు కాపలాదారు పాత అంకెనే కొత్తగా వచ్చినట్టు రాసుకుంటున్నాడు. అందుకని వాడి లెక్కలో మౌనం ఎప్పుడూ మొదలవదు. ఐదు నిమిషాలు ఎప్పటికీ నిండవు.

"మరి ముందు ఎరుపు చూసుంటే?"

"కోడు లేకుండానే టెస్టు పచ్చగా వచ్చేది. అక్కడే దొరికిపోయేది."

"చూడలేదా?"

ఆవిడ ఆ టెస్టు రాసిన తేదీ చూపించింది. పద్నాలుగేళ్ల కిందటి తేదీ. నాకు తేదీలు గుర్తుండవు గానీ అది గుర్తుంది. దాని ముందురోజు నేను బడి గోడ దూకి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాను. లోపలికి కాదు, బయటికే దూకాను, లెక్కల పీరియడ్‌లో. హెడ్‌మిస్ట్రెస్ ఫోను చేసేసరికి అమ్మమ్మ సరిగ్గా ఈ మౌనం సంగతి మొదలుపెట్టబోతోందట. మనసులో ఉన్నది జారిపోకుండా గబగబా కోడు రాసేసి, పరుగెత్తుకొచ్చిందట. జీవితంలో ఆ ఒక్కసారి కోడు ముందు, టెస్టు వెనక. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని టెస్టు రాసింది. మొదటిసారికే పచ్చగా వచ్చింది. అప్పుడే నేను నొప్పని ఏడ్చాను. ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసింది.

"అయితే తప్పు నాదే" అన్నాను, తేలిక చేద్దామని.

"గోడ దూకింది నువ్వు. టెస్టు రాసింది నేను" అంది.

మళ్లీ తనే అంది: "పాడైన టీకా రంగు మారదు. వాసన రాదు. పిల్లకు సూది గుచ్చుతారు, పిల్ల ఏడుస్తుంది, తల్లి ఊరుకోబెట్టుకుని తీసుకెళ్తుంది. ఆ మందులో ఏమీ లేదని ఎవరికీ తెలీదు. రోగమొచ్చేదాకా తెలీదు."

అలాంటి పెట్టెలు మూడు వందల నలభై అమ్ముడయ్యాయి.

అమ్మమ్మ తన శిష్యుడికి ఫోను చేసింది. వాడు ఆవిడ దగ్గర ఎరుపూ పచ్చా నేర్చుకుని, ఇప్పుడు అదే ఆఫీసులో మేనేజరయ్యాడు. ఆ ఆఫీసును ఇంకో పెద్ద కంపెనీ కొనేసి ఐదేళ్లయింది. నేను వినేలా స్పీకరు పెట్టింది.

"మేడం, బాగున్నారా? మీ మనవరాలు ఇంకా గోడలు దూకుతోందా?"

"ఇప్పుడు స్కూటరు తోలుతోంది. నాయనా, నేను చెప్పేది శ్రద్ధగా విను."

అంతా చెప్పింది. అటునుంచి కీబోర్డు చప్పుడు వినబడింది.

"చూశాను మేడం. మా దగ్గరా పచ్చగానే ఉంది."

"ఆ పచ్చే అబద్ధమంటున్నాను."

"నాకు తెలుసు మేడం. మీరు చెప్తే నేను నమ్మనా? కానీ ఆ పెట్టె కోడు మూసేశారు. ఇప్పుడు కొత్తరకం పెట్టె వచ్చింది. పాతదాన్ని తెరవాలంటే పైన ముగ్గురు ఒప్పుకోవాలి. వాళ్లు అడిగేది ఒక్కటే, ఏ టెస్టు తప్పింది అని. ఏదీ తప్పలేదు కదా."

"సరైన టెస్టు నేను రాసి పంపిస్తాను. ఎర్రగా వస్తుంది. అది చూపించు."

"బయటివాళ్లు రాసింది లోపలికి తీసుకోకూడదు మేడం. రూలు."

"ఎవడు పెట్టాడయ్యా ఆ రూలు?"

"మీరే మేడం" అన్నాడు.

"నువ్వే రాయి అయితే."

"ఆ కోడు చూడ్డానికే నాకు అనుమతుంది. ముట్టుకోవడానికి లేదు. అడుగుతాను మేడం. గట్టిగానే అడుగుతాను."

వాడు అడిగాడు. అడిగిన ప్రతిసారీ ఫోను చేసి ఎవరేమన్నారో చెప్పేవాడు. నాలుగోసారికి గొంతు తగ్గిపోయింది. ఐదోసారి ఫోను రాలేదు.

కంపెనీకి నేరుగా ఫిర్యాదు చేద్దామంటే, పెట్టె కొన్నవాళ్లే చెయ్యాలట. పెట్టెను తయారుచేసినవాళ్లు ఫిర్యాదు చెయ్యడానికి ఆ ఫారంలో చోటు లేదు. స్టోరు బాబాయ్‌ని బతిమాలితే, ఆయన తన కేంద్రం తరఫున సంతకం పెట్టాడు. మూడు వందల నలభై పెట్టెలూ ఎక్కడున్నాయో చెప్పమని శిష్యుణ్ని అడిగితే, సగం డీలర్లు అమ్మారనీ, ఆ జాబితా తమ దగ్గరే లేదనీ అన్నాడు.

నేను చూసుకునే ఫ్రిజ్‌లలో పదకొండింటికి ఆ పెట్టె ఉంది. "అవైనా చూద్దాం పద" అంది అమ్మమ్మ. డెబ్బై ఒకటో ఏట నా స్కూటరు వెనక, ఒళ్లో గాజు థర్మామీటర్ల సంచి పెట్టుకుని కూర్చుంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా నా వీపు మీద ఒకటి వేసేది.

"గాజు పగిలితే?" అనేది.

"నా వీపు పగిలితే?"

"నిన్ను అతికించిన అనుభవం ఉందిలే."

ప్రతి కేంద్రంలోనూ ఆవిడ తంతు ఒకటే. ముందు తీగ పీకాలి. ఆరు నిమిషాలు నిలబడాలి. గంట మోగట్లేదని చూడాలి. తర్వాతే మిగతా పని.

"తెలిసిందే కదా అమ్మమ్మా. మోగదు. ఎందుకీ నిలబడ్డం?"

"చూడాలి."

ఆ ఆరు నిమిషాలూ నర్సులు మమ్మల్ని వింతగా చూసేవారు. ముసలావిడ చేతిలో వాచీ పట్టుకుని, గోడకున్న పెట్టెనే చూస్తూ ఉంటుంది. నేను తీగ పట్టుకుని నిలబడతాను. ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడాన్ని చూడ్డానికే వచ్చామని వాళ్లకెలా చెప్పడం? ఆరు నిమిషాలయ్యాక ఆవిడ పెదవులు బిగించి తలాడించేది. ఆఫీసులో ఎరుపు చూసినప్పుడు ఆడించినట్టే, కాకపోతే తృప్తి లేదు. తీగ బిగించి, ఊడకుండా క్లిప్పు కొట్టి, లోపల ఒక గాజు థర్మామీటరు వేలాడదీసి, తలుపు మీద కాగితం అంటించేవాళ్లం. ఎర్రసిరాతో అమ్మమ్మే రాసేది: 'ఈ తీగ ఊడితే గంట మోగదు. పూటకోసారి లోపలి థర్మామీటరు చూడండి.'

నాలుగోచోట ఆఫీసరెవరో వచ్చి, అనుమతి లేని కాగితాలు అంటించకూడదని మా ముందే పీకి, మడతపెట్టి అమ్మమ్మ చేతిలో పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు. థర్మామీటరును మాత్రం ఉండనిచ్చాడు.

ఏడోచోట తీగ పీకాల్సిన పనే పడలేదు. అప్పటికే ఊడి ఉంది. పెట్టె మీద మూడు పాయింటు ఎనిమిది అని ఉంది. నేను తలుపు తీసి గాజు థర్మామీటరు పెట్టి, ఆగి, తీసి చూశాను. పదమూడు. ఫ్రిజ్‌లో గ్యాసు కారిపోతోంది, అది నా పని, నాకు వెంటనే తెలిసింది. తీగ ఎప్పుడు ఊడిందన్నదే తెలియలేదు. పెట్టెలో ఏడు రోజుల అంకెలే నిలవ ఉంటాయి. అమ్మమ్మ మీటలు నొక్కి చూసింది. ఏడు రోజులూ మూడు పాయింటు ఎనిమిదే. మనిషికి కూడా అంత నిలకడ ఉండదు.

"అంతకు ముందు?" అంది అక్కడి నర్సు.

"తెలీదమ్మా" అంది అమ్మమ్మ.

"వారం కిందట ఊడిందా, నెల కిందటా?"

"తెలీదు."

"ఇవాళ పొద్దున కూడా వేశానండీ." నర్సు రిజిస్టరు తీసింది. పిల్లల పేర్లు, తేదీలు. ఏ పేజీ నుంచి మళ్లీ పిలవాలో తెలియక, ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఉండిపోయింది. వసారాలో ఇద్దరు తల్లులు పిల్లల్నెత్తుకుని తమ వంతు కోసం కూర్చున్నారు. అందులో ఒక పిల్ల అమ్మమ్మ కళ్లజోడు తాడు పట్టుకుని లాగింది. అమ్మమ్మ విడిపించుకోలేదు. ఆ పిల్లే విసుగొచ్చి వదిలేదాకా అలాగే వంగి నిలబడింది.

నర్సు టీకాలు ఆపేసింది. సంగతంతా పైకి రాసింది. పైనుంచి ఏమొచ్చిందో మాకు తెలియలేదు. మేం అక్కడ తీసిన ఫోటోలన్నీ బాబాయ్ ఫిర్యాదుకు జతచేసి పంపాం. మిగిలిన నాలుగూ కూడా పూర్తిచేశాం.

పంతొమ్మిదో రోజున కంపెనీ జవాబొచ్చింది. బాబాయ్ స్వయంగా తెచ్చిచ్చాడు. 'మీ ఫిర్యాదును పరిశీలించాము. సంబంధిత టెస్టులన్నీ విజయవంతంగా నడిచాయి. లోపమేదీ కనబడలేదు. మెకానిక్ తీగను సరిగా బిగించకపోవడం వల్ల సమస్య ఏర్పడి ఉండవచ్చు. ఫిర్యాదు ముగిసినది.' చివర ఒక టిక్కు ఉంది. ఆకుపచ్చ రంగులో.

"నన్ను తిట్టిన ముక్క ఒక్కటే నిజం" అన్నాను.

అమ్మమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "వాళ్లు అబద్ధం రాయలేదే. నేను రాసిందే నాకు చదివి వినిపించారు" అంది.

బాబాయ్ ఇబ్బందిగా నిలబడి, "పోనీలెండి పెద్దమ్మగారూ, మా ఫ్రిజ్ వరకూ రోజూ రెండుపూటలా చూస్తున్నాను" అన్నాడు. ఆవిడ ఆయనకు కుర్చీ చూపించింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ల్యాప్‌టాప్ ముందుంది. తీసేసిన కోడును తిరిగి పెట్టి, పాత టెస్టు పక్కన కొత్తది రాసింది. ఈసారి డమ్మీ థర్మామీటరు మొదట నాలుగు డిగ్రీలంటుంది, తర్వాత మౌనం. గంట మోగిందా? నడిపింది. నాలుగు వందల పన్నెండు పచ్చ, ఒకటి ఎరుపు.

"ఇంకేం, ఇప్పుడు కోడు సరిచెయ్యి. ఎన్ని లైన్లు?"

"రెండు."

"చెయ్యి మరి."

"చెయ్యను."

"ఎందుకని?"

"ఇక్కడ పచ్చ చేసుకుంటే నాకు నిద్ర పడుతుంది. అక్కడ గంట మోగదు."

ఎర్రగా వదిలేసి ఇంటికి రాకూడదనే మనిషి, ఇంట్లోనే దాన్ని ఎర్రగా పెట్టుకుని కూర్చుంది. ఏడాదిగా అలాగే ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి నడుపుతుంది. ఇక్కడ ఎవరూ ఏమీ మార్చలేదు కాబట్టి అది మారదని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. శిష్యుడు రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండుసార్లూ ఆ తెర వైపు చూడకుండా వంటింట్లో కూర్చుని వెళ్లాడు.

నేను పనికి బయల్దేరుతూ, "ఇవాళ ఏ రంగు అమ్మమ్మా?" అని అడుగుతాను.

"ఎరుపే" అంటుంది, కొత్త సంగతి చెప్పినట్టు.

అప్పుడు లేచొచ్చి నా పనిసంచి తెరుస్తుంది. ఆబ్జెక్టు పెట్టె అలా తెరవకూడదని గుర్తుచేస్తే, వీపు మీద ఒకటి వేస్తుంది. లోపల గాజు థర్మామీటర్లు ఎన్నున్నాయో చూసి, తన దగ్గరవి ఇంకో రెండు గుడ్డలో చుట్టి పెడుతుంది. ఆ పెట్టె తగిలించిన పన్నెండో ఫ్రిజ్ ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. సంచి జిప్పు వేసి, అది నిజంగా పడిందా అని ఒకసారి లాగి చూసి, నాకందిస్తుంది.